నీళ్ళు కొట్టిన బిస్కెట్లు

ఎడమయ్య మేస్త్రి తాపీ నిండా సిమెంటు మాలు ఎత్తి గోడ మూలకు ఫట్‌మని కొట్టాడు. చుక్క కూడా కింద రాలలేదు. బద్ద ఆనించి కిందినుంచి పైకి లాగి, అడుగు వెనక్కి వేసి, ఒక కన్ను మూసి చూశాడు. మూల తిన్నగా దిగింది. మామూలుగా అయితే ఈపాటికి ఏదో ఒక పాట గొణుక్కుంటూ ఉండేవాడు. ఇవాళ పాట లేదు. మాటిమాటికీ తల తిప్పి తన ఇంటివైపు చూస్తున్నాడు.

"ఏంటి మేస్త్రీ, ఇంట్లో ఏమన్నా మర్చిపోయి వచ్చావా?" అన్నాడు పక్క గదిలో కిటికీలకు రంగులేస్తున్నాయన.

"బిస్కెట్లకు నీళ్ళు కొట్టి వచ్చాను. ఎండ ఎక్కువగా ఉంది గదా, ఆరిపోతాయేమోనని."

రంగులాయన కుంచెను డబ్బాలో ముంచాడు. ఈ మనిషికి ఎండదెబ్బ తగిలిందని తేల్చుకుని, మళ్ళీ అడక్కుండా తన పని తాను చూసుకున్నాడు.

ఎడమయ్యకు నలభై అయిదు దాటాయి. పొట్టి మనిషి, గట్టి మనిషి. కనుబొమల మీద సిమెంటు పొడి ఎన్ని స్నానాలు చేసినా పూర్తిగా వదలదు. కుడిచెయ్యి అందరి చెయ్యిలాంటిదే గాని ఎడమచెయ్యి మాత్రం మణికట్టు దగ్గర లావెక్కి, అరచేయి చెప్పు అడుగులా గట్టిపడిపోయింది. ఆ చెయ్యే ఆయనకు పేరు తెచ్చింది, కూడూ పెట్టింది. కుడిచేతి వాళ్ళకు వంగీ తిరిగీ నడుము పట్టేసే మూలల్లో ఎడమయ్య కుర్చీలో కూర్చున్నంత సుఖంగా పనిచేస్తాడు. అందుకే ఊళ్ళో ఎవరు ఇల్లు కట్టినా మూలలకు కబురు ఆయనకే వస్తుంది. ఇళ్ళు పూర్తయ్యాక ఆయన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. మూల బాగుంటే మూలవైపు చూసేదెవరు?

కానీ ఆ చెయ్యి బతికిందే బళ్ళో టీచర్ వల్ల. చిన్నప్పుడు ఎడమచేత్తో బలపం పట్టుకున్నాడని మేనమామ ఆ చేతిని నడుముకు కట్టేసి బడికి పంపేవాడు. అమ్మా నాన్నా లేని పిల్లాడు, అడిగేవాళ్ళు లేరు. రెండో తరగతిలో కొత్తగా వచ్చిన టీచర్ ఆ తాడు విప్పింది. "ఏ చేత్తో గీత తిన్నగా వస్తే అదే నీకు కుడిచెయ్యి, పో," అంది. అంతటితో ఊరుకోలేదు. సాయంత్రం నడుచుకుంటూ వెళ్ళి మేనమామను నలుగురిలో నిలబెట్టి దులిపేసింది. ఆ తర్వాత తాడు బావి దగ్గరికి తప్ప ఇంకెక్కడికీ వెళ్ళలేదు.

ఆ బడిలో ఒక అలవాటు ఉంది. సెలవులిచ్చే రోజున పిల్లలంతా ఇంట్లో చేసిన తీపి ఏదో ఒకటి డబ్బాలో తెచ్చి టీచర్లకు పెడతారు. కొన్నది పనికిరాదు. మిగతా టీచర్లు తీసుకుని నవ్వేసేవారు. ఈ టీచర్ మాత్రం డబ్బా మూత తీయకముందే అడిగేది: "ఇందులో నువ్వేం చేశావ్?" పిండి కలిపానో, గిన్నె కడిగానో, కనీసం పొయ్యి ఊదానో ఏదో ఒకటి చెప్పాలి. అమ్మే అంతా చేసిందంటే, "అయితే మీ అమ్మను పంపు, తనకే చెప్తాను థాంక్స్," అనేది. పొయ్యే సరిగా వెలగని ఇంట్లో ఉన్న ఎడమయ్య ఆ రోజు ఏటా నీళ్ళ తొట్టి వెనక దాక్కునేవాడు. ఆకలికి కాదు గాని, ఆ ప్రశ్న తనను ఎవరూ అడగలేదని ఏడ్చేవాడు. అయిదో తరగతితో బడి వదిలి మాలు మోయడానికి పోయాడు. తర్వాత తన కూతురు అదే బళ్ళో చదివినన్నాళ్ళూ భార్య చేసిచ్చిన డబ్బాలు వెళ్ళాయి. అవి కూతురివి. ఆయనది ఒక్కటీ వెళ్ళలేదు.

ఇవాళ బడికి సెలవులిచ్చే రోజు, టీచర్‌కు ఉద్యోగంలో ఆఖరిరోజు కూడా. సాయంత్రం కారెక్కి వేరే ఊళ్ళో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఇవాళ తప్పితే ఇంక లేదు.

అందుకని తెల్లవారుతూనే భార్యను వంటింట్లోంచి బయటికి పంపి, తానే దిగాడు. మైదాపిండిని ఇసుక జల్లెడపట్టినట్టు పట్టాడు. వెన్నా చక్కెరా వేసి కలిపాడు. కడిగి తుడిచిన కొత్త బద్దతో ముద్దను చదునుచేసి, టైల్స్ కోసినట్టు కోశాడు. పెరట్లో తానే కట్టిన ఇటుకల పొయ్యిలో కాల్చి తీస్తే ఎర్రగా, అందంగా వచ్చాయి. అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ చల్లారేకొద్దీ వాటిమీద సన్నటి పగుళ్ళు పడ్డాయి. సిమెంటు పగలకుండా రోజూ నీళ్ళు కొట్టే చెయ్యది, పగులు చూసి ఊరుకోదు. ఆలోచించేలోపే చెంబులో ముంచి గబగబా నీళ్ళు చల్లేసింది. పైన తడిగుడ్డ కప్పి, అంచులు నొక్కి, నిశ్చింతగా పనికి వచ్చేశాడు.

మధ్యాహ్నం ఇంటికెళ్ళేసరికి భార్య పళ్ళెం ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏమయ్యా, ఇదేంటి? బిస్కెట్లా, పరుపులా?"

బిస్కెట్లు ఉబ్బి, మెత్తబడి, వేలు పెడితే దిగిపోతున్నాయి. సంగతి చెప్పేసరికి ఆవిడ నవ్వీనవ్వీ గోడకు జారగిలబడింది. "వారం రోజులు నీళ్ళు కొట్టకపోయావా, పైన మేడ కూడా వేసుకునేవాళ్ళం!" ఆయన మొహం చూసి నవ్వు ఆపింది. లోపలికెళ్ళి ఒక డబ్బా తెచ్చింది. "నువ్వు ఇలాంటిదేదో చేస్తావని నేనూ కాసిని చేశాను. కరకరలాడుతున్నాయి. ఇవి పట్టుకెళ్ళు. నీవో నావో ఎవరికి తెలుస్తుంది?"

ఎడమయ్య డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. ఎంతో బాగున్నాయి. టీచర్ మూత తీయకముందే అడుగుతుంది. అప్పుడేం చెప్పాలి? ఆవిడ ముందు నిలబడి అబద్ధమాడటం ఆయన వల్ల కాదు. డబ్బా తిరిగి భార్య చేతిలో పెట్టి, తన పరుపుల్ని గరిటెతో ఒక్కొక్కటే జాగ్రత్తగా ఎత్తి మరో డబ్బాలో సర్దుకున్నాడు. పరువు పోతే పోయింది అనుకుని మూత బిగించాడు.

సాయంత్రం బళ్ళో స్టాఫ్ రూమ్ బల్ల నిండా డబ్బాలే. పాకం పట్టిన గింజల ముక్కలు, గట్టి కేకులు, చేగోడీల్లా ఫెళ్ళుమనే బిస్కెట్లు. టీచర్ కిటికీ పక్క కుర్చీలో చిన్నగా, తెల్లగా కూర్చుని ఉంది. ప్రతివాళ్ళనీ అదే ప్రశ్న అడుగుతోంది, ఇచ్చింది తీసుకుంటోంది, "తర్వాత తింటాలే" అని పక్కన పెడుతోంది. పొద్దున్నుంచీ ఆవిడ ఒక్కటీ నోట్లో వేసుకోలేదని తలుపు దగ్గర ఆయా ఎడమయ్య చెవిలో బాధపడింది.

అందరూ అయ్యాక ఆయన ముందుకెళ్ళాడు. డబ్బా పట్టుకున్న చేతిని చూసింది టీచర్, తర్వాత మొహం చూసింది.

"ఏరా ఎడమయ్యా, ఇన్నాళ్ళకా? ఇందులో నువ్వేం చేశావ్?"

ఆ ప్రశ్న వినడానికి ఎన్నేళ్ళు ఎదురుచూశాడో ఆయనకే తెలుసు.

"అంతా నేనే చేశాను టీచర్. పిండి పట్టాను, కలిపాను, కాల్చాను. పగుళ్ళొచ్చాయని నీళ్ళు కొట్టాను. చెడగొట్టింది కూడా నేనే."

"నీళ్ళు కొట్టావా? బిస్కెట్లకి?"

టీచర్ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతుంటే పై వరస కట్టుడు పళ్ళు ఊడి కిందికి జారాయి. సిగ్గేమీ పడకుండా రెండు వరసలూ తీసి పక్కనున్న నీళ్ళ గ్లాసులో వేసి, ఒక బిస్కెట్ నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. ఇంకోటి తీసుకుంది.

"ఈ పళ్ళు కట్టించుకున్నప్పటి నుంచీ నరకంరా. పొద్దున్నుంచీ అందరూ రాళ్ళు తెచ్చి పెట్టారు, కాదనలేక చచ్చాను. తినేది నువ్వొక్కడివే తెచ్చావ్." మూడోది తీసుకుంటూ ఆయా వైపు తిరిగి గట్టిగా చెప్పింది: "మావాడు చేశాడు. మొత్తం తనే చేశాడు!"

గదిలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. ఎడమయ్య జీవితంలో ఎన్నో ఇళ్ళు పూర్తిచేశాడు గాని, ఇంత గర్వంగా ఎప్పుడూ ఎక్కడా నిలబడలేదు. కళ్ళు తుడుచుకోవడానికి కూడా తోచలేదు.

బయట కారు హారన్ వినిపించింది. బల్ల మీదున్నవన్నీ పిల్లలకు పంచిపెట్టమని టీచర్ ఆయాకు చెప్పింది. ఎడమయ్య డబ్బా మాత్రం ఒళ్ళో పెట్టుకుని కారెక్కింది. కిటికీలోంచి చెయ్యి ఊపింది. రెండో చెయ్యి డబ్బాలోనే ఉంది. కారు మలుపు తిరిగేదాకా దవడలు కదులుతూనే కనిపించాయి.

ఎడమయ్య పాట అందుకుని, తువ్వాలు లోపలే మర్చిపోయానని మళ్ళీ స్టాఫ్ రూమ్‌లోకి వచ్చాడు. కిటికీలోంచి పడ్డ ఎండలో, గ్లాసు నీళ్ళ అడుగున టీచర్ పళ్ళు రెండు వరసలూ నవ్వుతూ ఉన్నాయి.