పడవలో పండుకున్నావా ప్రభువా

బొరుగులు ఎక్కువసేపు నానితే ముద్దవుతాయి, తక్కువసేపు నానితే పంటికింద గట్టిగా తగులుతాయి. ఆ లెక్క సలోమి చేతికి తెలుసు. పిడికిళ్లతో పిండి తాలింపులోకి వదులుతూ, ఈ ఉగ్గాణి హాల్లో కూర్చున్న సంఘ పెద్దలకు చాలుతుందా అని చూసుకుంటోంది. ఆ రోజు రెండో శనివారం. వారమంతా పల్లె బడిలో పిల్లల మధ్య అరిచి అరిచి, ఈ ఒక్కరోజైనా నడుం వాలుద్దామనుకుంది. కానీ విశ్వాసానికి అవమానం జరిగిపోయింది. అవమానం జరిగితే జమ్మలమడుగులో మొదట ఉగ్గాణి కావాలి, పక్కన మిరపకాయ బజ్జీలు కావాలి, ఆ తర్వాత రెండు విడతలు టీ కావాలి. ఇవన్నీ అయ్యాక గానీ మగవాళ్లకు రోషం పూర్తిగా రాదు.

సంగతి ఏమిటంటే, ప్రొద్దుటూరులో నరేష్ అని ఒకతను కామెడీ వీడియోలు చేస్తాడు. తెల్లచీర కట్టుకుని, కొంగు నెత్తిన వేసుకుని, మోకాళ్ల మీద కూర్చుని ఏడుస్తూ ప్రార్థన చేసే ఆడమనిషి వేషం వేశాడు. నాలుగు రోజుల్లో ఆ వీడియో కడప జిల్లా అంతా తిరిగింది. బడిలో హేమలత టీచర్ ఫోన్ చేతికి ఇవ్వబోయి, "సూడు సలోమీ, అచ్చం మీవాళ్లే" అని నవ్వింది. సలోమి చూడలేదు, పరీక్ష పేపర్లు దిద్దుకోవాలని తప్పించుకుంది.

హాల్లోంచి ఆమె భర్త ఇమ్మానుయేలు గొంతు గట్టిగా వినిపిస్తోంది. "మనోళ్లకు రోసం లేదనుకుంటాండాడా వాడు? ఈపొద్దు ఊరుకుంటే రేపు నెత్తికెక్కుతాడు. కేసు పెట్టాల్సిందే." ఎవరో, "మళ్లొకసారి పెట్టప్పా, ఏమన్యాడో సరిగ్గా ఇందాం" అన్నారు. వీడియో మళ్లీ మొదలైంది. పొయ్యి మంట తగ్గించబోయిన సలోమి చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"పడవలో పండుకున్నావా ప్రభువా? లెయ్యి నాయనా. ఈడ మునిగిపోతాండాం. బోరు మోటారు కాలిపాయ, గ్యాసయిపాయ, లెయ్యి నాయనా."

హాల్లో ఎవరికో నవ్వొచ్చి, దాన్ని దగ్గుగా మార్చుకున్నారు. సలోమి మాత్రం స్టవ్ ముందు నిలబడి, తన మాట తనకే పరాయి గొంతులో వినపడుతుంటే వింటూ ఉండిపోయింది. మోటారు, గ్యాసు ఆమెవి కావు. ముందు మాటలు ఆమెవే. ఇంకెవరూ ప్రభువుతో అలా మాట్లాడగా ఆమె వినలేదు.

మూడేళ్ల కిందట కూతురు గ్రేస్ తొమ్మిదో తరగతిలో ఉండగా డెంగీ వచ్చింది. ప్రొద్దుటూరు ఆస్పత్రిలో చేర్చారు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి, కర్నూలు పెద్దాస్పత్రికి రాసివ్వమంటారా అని డాక్టరు అడిగిన పూట, సలోమి మెట్ల పక్కన సిమెంటు నేల మీద మోకాళ్లూనింది. గాలివానలో పడవ మునిగిపోతుంటే ప్రభువు నిద్రపోయాడని, శిష్యులు తట్టి లేపారని చిన్నప్పుడు ఆదివారపు బడిలో విన్న కథ ఆమెకు ఆ క్షణాన కథలా లేదు. నిజంగానే నిద్రపోతున్న మనిషిని లేపినట్టు లేపింది. కోప్పడింది, బతిమాలింది. తల్లి దగ్గర కూడా ఆమె అంత చనువుగా ఏడ్చి ఎరగదు. టిఫిన్ పొట్లం పట్టుకుని వెనక నిలబడ్డ ఇమ్మానుయేలు అంతా విన్నాడు. పాప కోలుకుంది. ఇప్పుడు ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదువుకుంటోంది.

ఆ ఏడు క్రిస్మస్ నాడు తన తమ్ముళ్లంతా భోజనానికి కూర్చున్నప్పుడు ఇమ్మానుయేలు తువ్వాలు నెత్తిన కప్పుకుని, ముక్కు ఎగబీలుస్తూ, "లెయ్యి నాయనా" అన్నాడు. బిరియాని వడ్డిస్తున్న ఆమె చుట్టూ అందరూ పడీ పడీ నవ్వారు. వంటింట్లోకి వచ్చిన భర్తతో, ఆ మాట ఇంకెప్పుడూ అనొద్దని చెప్పింది. "తమాషాకన్న్యా. పాప బాగయింది గదా, ఇంకేంది నీకు?" అన్నాడతను. అత్త లక్ష్మమ్మ, "మొగోడు నవ్వులాటకు ఏదో అంటే మొగం మాడ్సుకుంటారా యాడన్నా?" అంది. తర్వాత అది ఇంటి ఆనవాయితీ అయిపోయింది. చుట్టాలొస్తే, "అన్నా, వదిన ప్రార్థన ఒకసారి చెయ్యి" అని అడిగేవాళ్లు. చివరికి అతను పనిచేసే కరెంటాఫీసులో ఎవరిదో రిటైర్మెంటు ఫంక్షన్‌లో, మైకు ముందు కూడా చేశాడు. పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చున్న సలోమిని చూపించి మరీ చేశాడు. ఆ రోజు మైకు సర్దింది, అప్పట్లో అక్కడ కాంట్రాక్టు పనిలో ఉన్న ఈ నరేషే. తర్వాత వేరే తమాషాలు దొరికాక ఇమ్మానుయేలు దీన్ని వదిలేశాడు.

ఆ క్రిస్మస్ నుంచే సలోమి పైకి ప్రార్థన చేయడం మానేసింది. స్త్రీల కూడికలో తన వంతు వస్తే, "మౌనంగా చేసుకుందాం అక్కా" అనేది. ఆమెకు భక్తి ముదిరిందని కొందరు మెచ్చుకున్నారు. నోరు తెరిస్తే తన గొంతు బదులు తువ్వాలు కప్పుకున్న భర్త గొంతు వస్తుందేమోనని భయం. ఆ సంగతి ఎవరికని చెబుతుంది? చెప్పుకునే చోటునే కదా అతను నవ్వులపాలు చేసింది.

పెద్దలు తిని, తాగి, తీర్మానం చేసుకుని వెళ్లిపోయాక, ఇమ్మానుయేలు ఒక కాగితం తెచ్చి ఆమె ముందు చాపాడు. ఆమె ప్లేట్లు కడుగుతోంది.

"రేపు ఆరాధనయినంక స్త్రీల తరపున నువ్వు మాట్లాడాల. సోమవారం ప్రొద్దుటూరు పోయి కేసు పెడతాం. అంతా రాసినా, సూసి సదువు సాలు. మద్దెలో కొంచిం కండ్లనీళ్లు పెట్టుకుంటే ఇంకా బాగుంటాది."

సలోమి చేతులు తుడుచుకుంది. "ఆ పడవ మాట యాడిదో తెల్సునా నీకు?"

"వాడేదో రాసుకున్యాడు. వానికి పనేముంది?"

ఆమె అతని ముఖంలోకి చూసింది. దాచిపెడుతున్నాడేమోనని వెతికింది. ఏమీ లేదక్కడ. నిజంగానే మర్చిపోయాడు. తప్పు దాచుకునే మనిషితో పోట్లాడొచ్చు. భార్య గుండెలోంచి మాట పీక్కుని అందరి ముందూ ఆడుకుని, అది ఎవరిదో కూడా గుర్తులేని మనిషితో ఏం పోట్లాడాలో ఆమెకు తోచలేదు.

"అది నాది. పాప ఆస్పత్రిలో ఉన్నెప్పుడు, మెట్లకాడ. నువ్వు ఆఫీసు ఫంక్షన్లో మైకు పట్టుకోని చేస్తివి. ఆపొద్దు నరేష్ ఆడనే ఉన్యాడు."

అతనికి అందడానికి కొంతసేపు పట్టింది. అందాక గొంతు తగ్గించాడు. "అయితే అదీ ఇదీ ఒకటేనా? ఇంట్లో మనం మనం నవ్వుకునేది వేరు, బజార్లో పెట్టి నవ్వేది వేరు."

"మనం ఎవురు? నేనెప్పుడు నవ్వినా?"

"ఇదంతా రేపు కెలకొద్దు. సంఘంలో నా మొగం యాడ పెట్టుకోవాల?" అని కాగితం గట్టు మీద పెట్టి వెళ్లాడు. తడిలో దాని అంచు నానింది. సలోమి తీసి ఆరబెట్టింది. పాడైతే మళ్లీ తననే అంటాడని అలవాటుగా చేసిన పని అది.

ఆదివారం గుడి నిండిపోయింది. ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు వీడియో సంగతి చెప్పి, స్త్రీల తరపున సలోమమ్మ మాట్లాడుతుందన్నాడు. మగవాళ్ల వైపు ముందు బెంచీలో ఇమ్మానుయేలు, ఆడవాళ్ల వైపు గోడకు ఆనుకుని లక్ష్మమ్మ కూర్చుని ఉన్నారు. సలోమి ముందుకు వెళ్లి కాగితం విప్పింది. 'మా స్త్రీల మనోభావాలు దెబ్బతిన్నాయి' అన్న మొదటి వాక్యం కనిపించింది. ఎవరి వల్ల దెబ్బతిన్నాయో కింద ఎక్కడా తిన్నగా లేదు. మడిచి చేతిలో పట్టుకుంది. కొంగు నెత్తిన వేసుకుని నాపరాతి బండల మీద మోకాళ్లూనింది. మొదట పొడి దగ్గు వచ్చింది. లేచి వెళ్లిపోదామా అనిపించింది. తర్వాత మాట వచ్చింది.

"పడవలో పండుకున్నావా ప్రభువా? లెయ్యి నాయనా. ఈడ మునిగిపోతాండాం. నీతో మాట్లాడి మూడేండ్లాయ. నువ్వు నిద్రపొయ్యినందుకు గాదు నాయనా, నేనే నోరు మూసుకుంటి. ఇంగ మూసుకోను."

వీడియో చూసినవాళ్లు తలలెత్తారు. సలోమి ఆమెన్ అని లేచి, కొంగు సర్దుకుంది.

అయ్యగారు నెమ్మదిగా అడిగాడు. "అమ్మా, ఆ మాటలు..."

"నావే అయ్యగారూ. బిడ్డ సావుబతుకుల్లో ఉన్నెప్పుడు సేసుకున్న ప్రార్థన. మా ఇంట్లోంచి బయటికి పొయ్యింది."

తలలన్నీ ఇమ్మానుయేలు వైపు తిరిగాయి. అతను నేలకేసి చూస్తున్నాడు. లక్ష్మమ్మ కోడలి వైపే చూస్తోంది.

"మరి ఆ నరేష్ మీద కేసు సంగతేంటమ్మా?"

"నరేష్‌ను ఈపొద్దే క్షమించినా అయ్యగారూ," అంది సలోమి. "ఇంట్లో మనిషికే ఇంగా శానా దినాలు పడతాది."