నీళ్లు పోసేవారు

మూడోసారి చాయ్ పెట్టేసరికి బిందెలో నీళ్లు అడుగంటాయి. నజియా చేతులు పొయ్యి దగ్గరున్నా చెవులు ముందుగదిలోనే ఉన్నాయి. అక్కడ మసీదు కమిటీ సెక్రటరీ అయిన ఆమె మొగుడు అకీల్, చర్చి పాస్టర్ రాజ్‌కుమార్, గుడి పెద్ద ఉప్పలయ్య కూర్చుని వాతావరణ న్యాయం గురించి తెగ బాధపడుతున్నారు. మూడు మతాలూ కలిసి ఊరిని చల్లబరచాలట. మంచిదే, ఎవరొద్దన్నారు?

జనగామ పక్కనున్న ఆ ఊళ్లో ఫిబ్రవరికే బోర్లు ఎండిపోయాయి. నజియా రోజూ అరకిలోమీటరు నడిచి ఆరు బిందెలు మోస్తుంది. నడుము పట్టేసిందంటే అకీల్ "జర మెల్లగ మోయరాదు?" అంటాడు గానీ, తెస్తానని చచ్చినా అనడు. మొన్న జుమ్మా రోజు, నమాజుకు ముందు కాళ్లూచేతులూ కడుక్కునే వజూకు ఒక్క చెంబే వాడాలని అందరికీ చెప్పి మెప్పు పొందిన మహానుభావుడు, ఇంటికొచ్చి రెండు బకెట్లు ఒంటిమీద గుమ్మరించుకున్నాడు.

"నజియా, కాగితం తెచ్చుకో," పిలిచాడు అకీల్. అతను చదివింది ఉర్దూలోనే, తెలుగు చదవడం, రాయడం రాదు. కలెక్టరాఫీసుకు పోయే ప్రతి దరఖాస్తూ ఆమె చేతిరాతే, కింద సంతకం మాత్రం అతనిది.

"రాయమ్మా," అన్నాడు పాస్టర్. "మసీదు, చర్చి, గుడి జాగల్ల మూడువందల మొక్కలు పెడ్తం, మంజూరు చేయాలె అని."

రాసింది.

"నీళ్లెవరు పోస్తరని అడుగుతరేమో," నసిగాడు ఉప్పలయ్య.

"గదేం పరేషాన్? మన ఆడోళ్లు పోస్తరు తియ్," అన్నాడు అకీల్, చాయ్ చప్పరిస్తూ.

ముగ్గురూ ఒక్కసారే తలలూపారు. దేవుళ్లు వేరైనా ఈ ఒక్క విషయంలో ఎంత ఐకమత్యమో. నజియాకు ఒళ్లు మండిపోయింది. ఆరు బిందెలకే లేవలేకపోతోంది, ఇక మూడువందల మొక్కలా? ఇన్నేళ్లూ వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసినందుకు తనమీద తనకే కోపమొచ్చింది.

కాగితం మీద నిలువుగా ఓ గీత గీసింది. ఎడమవైపు 'మొక్క', కుడివైపు 'నీళ్లు పోసేవారు' అని రాసి, ఒకటో అంకె ఎదురుగా ఒక పేరు రాసింది.

"ఏం రాసినవ్?" అన్నాడు అకీల్. పాస్టర్ తొంగిచూసి, గొంతు తగ్గించి, "నీ పేరే అన్నా," అన్నాడు.

"రెండోది పాస్టరన్నది, మూడోది ఉప్పలయ్య బాపుది," అంది నజియా, తలెత్తకుండా. "ఇంకా రెండువందల తొంభై ఏడుమంది మొగోళ్లు కావాలె. పేర్లు చెప్పుండ్రి."