మార్పుల చరిత్ర

"ఆ పేజీ ఒకసారి చూసిపెట్టు. శుక్రవారం మధ్యాహ్నానికల్లా వాళ్లకి ఇచ్చేయాలట" అన్నాడు మా ఆయన, వేడినీళ్ల టబ్బులో కాళ్లు పెట్టుకుని. నేను ఎదురుగా కూర్చుని బీన్స్‌కి ఈనెలు తీస్తున్నాను. ఆ నీళ్లు కాచి పోసింది నేనే, ఉప్పు కలిపింది నేనే, ఇంకో పావుగంటకి ఆ కాళ్లు తుడిచేదీ నేనే. ఏ పేజీ అని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. మా ఇంట్లో పేజీ అంటే ఒక్కటే. ఆన్‌లైన్ విజ్ఞానసర్వస్వంలో ఆయన మీద ఉన్న వ్యాసం.

మా ఆయన పదివేల మీటర్ల పరుగులో ఒకప్పుడు దేశమంతా ఎరిగిన మనిషి. ఆయన పెట్టిన రికార్డు పందొమ్మిదేళ్లు చెక్కుచెదరలేదు. పరుగు మానేసి ఇరవై ఏళ్లు దాటినా బజారుకెళితే ఎవరో ఒకరు ఫోటో అడుగుతారు, ఫోన్ నా చేతికిచ్చి నన్నే తీయమంటారు. ఇప్పుడు కొత్త స్టేడియంలో ట్రాక్‌కి ఆయన పేరు పెడుతున్నారు. గేటు దగ్గర నల్లరాతి మీద ఆయన జీవితాన్ని పది వరుసల్లో చెక్కిస్తారు. ఆ పది వరుసలూ ఎవరు రాస్తారంటే, కమిటీ కార్యదర్శి ఫోన్లో ఎంతో తేలిగ్గా తేల్చేశాడు. "పేజీ ఉంది కదా మేడమ్, అందులో మొదటి పేరా అలాగే చెక్కించేస్తాం. తప్పుల్లేకుండా మీరొకసారి చూస్తే చాలు. అన్నట్టు ప్రారంభం రోజు ఫలకం మీద గుడ్డ తీసేటప్పుడు మీరు సార్ పక్కన నిలబడాలి. ఫోటోకి నిండుగా ఉంటుంది."

నేను పాఠ్యపుస్తకాలు అచ్చువేసే ప్రెస్‌లో ప్రూఫ్ రీడర్ని. ఇరవయ్యారేళ్లుగా ఇతరులు రాసిన వాక్యాల్లో తప్పులు ఏరుతున్నాను. తొమ్మిదేళ్ల కిందట ఆ పేజీ మొదటిసారి తెరిచినప్పుడు అందులో మూడంటే మూడు వాక్యాలున్నాయి, పుట్టిన సంవత్సరం కూడా తప్పు. చూస్తూ ఊరుకోలేకపోయాను. 'పాఠకురాలు' అనే పేరుతో ఖాతా తెరిచి దిద్దడం మొదలుపెట్టాను. లంచ్ టైంలో డబ్బా ఒక చేత్తో, మౌస్ ఒక చేత్తో. గ్రంథాలయంలో పాత పత్రికల కట్టలు విప్పి, ఏ పోటీ ఏ తేదీన జరిగిందో, ఎంత సమయంలో ముగించాడో, ఒక్కొక్కదానికీ మూలం వెతికి పెట్టాను. ఎవడో ఆకతాయి ఆయన నిషేధిత మందులు వాడేవాడని రాస్తే, ఆయన నిద్రలేచి చూసేలోపు తీసేసేదాన్ని. మేనేజర్ చూసి, "మీ ఆయన భజన ఆఫీసు టైంలో పెట్టుకోకండి మేడమ్" అని నవ్వేవాడు. అది లంచ్ టైమే అని వాడికీ తెలుసు. మా అత్తగారు బతికున్నన్నాళ్లూ, "మొగుడి పేరు టైపు కొట్టుకుంటే పుణ్యం వస్తుందనుకుంటోంది మా కోడలు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

మొదటి పేరాలో మొదటి వాక్యం మాత్రం నాది కాదు. నేను టైపు చేశానంతే. ఇదే బల్ల దగ్గర కూర్చుని ఆయన చెప్పాడు: "రాసుకో. ఏ శిక్షకుడూ లేకుండా, తనంతట తానే సాధన చేసి జాతీయ రికార్డు సాధించిన ఏకైక పరుగువీరుడు." నా వేళ్లు ఆగాయి. ఆయన నా వైపు చూసి నవ్వాడు. "పేపర్లన్నీ ఏనాటి నుంచో అలాగే రాస్తున్నాయి కదా. ఇప్పుడు మారిస్తే జనం గందరగోళపడతారు. అయినా సొంతవాళ్ల గురించి రాసుకోకూడదని మీ రూలే ఉందన్నావుగా." ఆ రూలు నిజమే. కుటుంబ సభ్యులు ఆ వ్యాసం దిద్దకూడదు, దిద్దితే ఫలానా అని చెప్పుకోవాలి. నేను చెప్పుకోలేదు. ఆ దొంగతనం నాది కనుక నోరు మూసుకుని టైపు చేశాను. ఆయన ఇచ్చిన ఒక టీవీ ఇంటర్వ్యూని మూలంగా పెట్టాను కూడా. నా చేత్తో నేనే.

శిక్షకుడు లేడు, నిజమే. శిక్షకురాలుంది. పెళ్లికి ముందు నేను పదిహేను వందల మీటర్ల పరుగులో యూనివర్సిటీ విజేతని. పెళ్లయిన మూడో నెలలో ఆయన పరుగు చూసి తల పట్టుకున్నాను. మొదటి ల్యాపులు అరవై నాలుగు సెకన్లలో చుట్టేసి, పదహారో చుట్టుకి ప్రాణం పోయినట్టు కూలబడేవాడు. మొత్తం పాతిక చుట్లు. ఒక్కొక్కటీ అరవై తొమ్మిదిలో పూర్తిచేయి చాలు, మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే వెనకబడతారు అని చెప్పాను. చెప్పినంత తేలిక కాదు, వేగంగా వెళ్లగలిగిన మనిషిని నెమ్మదిగా పరిగెత్తించడం. ఎనిమిదేళ్లు పట్టింది. చంకలో పాప, మెడలో స్టాప్‌వాచ్, నోట్లో ఈల. అరవై ఏడుకి వస్తే ఒక ఈల, డెబ్బై దాటితే రెండు. గ్రౌండ్‌లో పిల్లలు నాకు ఈలక్క అని పేరు పెట్టారు. ప్రతి చుట్టూ రాసిన నోటుపుస్తకాలు ఇరవై మూడు, ఇప్పటికీ అటక మీద సూట్‌కేసులో ఉన్నాయి. "మగాడు పరిగెడుతుంటే ఆడది ఈల వేయడమేమిటి, వినేవాళ్లు ఏమనుకుంటారు" అని అత్తగారు తల బాదుకునేది. ఆమెకి ఇంకా మింగుడుపడనిది ఇంకోటుంది. ఇంట్లో మీరు అనే నేను ట్రాక్ మీద ఆయన్ని నువ్వు అనేదాన్ని. 'పో, ఇంకా పో, నీకు ఓపికుంది' అని అరిచేటప్పుడు మీరు అనడానికి ఊపిరి సరిపోదు.

ఆ సాయంత్రం బీన్స్ పొయ్యి మీద పడేసి పేజీ తెరిచాను. వ్యాసం గురించి దిద్దేవాళ్లు మాట్లాడుకునే చర్చల పుటలో వారం కిందటి సందేశం ఒకటుంది. "నమస్కారం. ముప్పై ఏళ్లు క్రీడా విలేకరిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. నాలుగేళ్ల కిందట ఈ వ్యాసంలో రెండు వాక్యాలు చేర్చాను. పత్రిక, తేదీ, పేజీ నంబరు అన్నీ ఇచ్చాను. అదే రోజు ఎవరో తీసేశారు. నా పొరపాటేమిటో చెబితే దిద్దుకుంటాను."

నాకు తెలియకుండా ఆ పేజీలో కామా కూడా కదలదని నా గర్వం. ఎక్కడో పొరపాటు పడ్డాడనుకుంటూ మార్పుల చరిత్ర తెరిచాను. అందులో ఎవరు ఏ నిమిషాన ఏం కలిపారో, ఏం తీశారో అన్నీ ఉంటాయి. పేజీ మీద చెరిపేసినా అక్కడ చెరగదు. వెనక్కి వెళ్లగా వెళ్లగా దొరికింది. ఉదయం పదింబావుకి విలేకరి చేర్చిన వాక్యాలు: "ఆయనకు ఎనిమిదేళ్లపాటు శిక్షణ ఇచ్చింది, ఒకప్పటి యూనివర్సిటీ పరుగు విజేత అయిన ఆయన భార్య. రికార్డు సాధించిన రోజు ఆయనే విలేకరులతో 'కాళ్లే నావి, పరుగు ఆవిడది' అన్నారు." పదకొండు నలభైకి ఆ రెండూ లేవు. తీసిన ఖాతా పేరు రన్నర్ 417. తీసినందుకు రాసిన కారణం: "వ్యాసానికి సంబంధం లేని వ్యక్తి గురించిన సమాచారం."

రికార్డు నాడు ఆయన వేసుకున్న నంబరు ముప్పై ఒకటి. అది అందరికీ తెలుసు, టీషర్టుల మీద కూడా వేశారు. నాలుగు వందల పదిహేడు ఆయన నా దగ్గర సాధన మొదలుపెట్టాక పరిగెత్తిన మొదటి పోటీ నంబరు. చివరి నుంచి రెండోవాడిగా వచ్చాడు. ఆ కాగితాన్ని బనీనుకి నాలుగు పిన్నీసులతో గుచ్చింది నేను. నాలుగోది ఆయనకి గుచ్చుకుంటే, "ఇదేనా నీ శిక్షణ" అని నవ్వాడు. ఆ నంబరు ఇద్దరికే తెలుసు. మెయిల్ తెరవడం కూడా రాదంటూ కరెంటు బిల్లు దాకా నాతోనే కట్టించే మనిషి ఖాతా తెరిచాడు, మీట వెతికాడు, కారణం కూడా టైపు చేశాడు.

అప్పుడు తేదీ చూశాను. అది నా గర్భసంచి తీసిన రోజు. పది గంటలకి నన్ను లోపలికి తీసుకెళ్లారు. మెలకువ వచ్చేసరికి ఆయన నా చెయ్యి పట్టుకుని ఏడుస్తున్నాడు. ముప్పై ఏళ్ల కాపురంలో నాకోసం ఆయన ఏడవడం అదే మొదలు. మంచం మీద ఉన్న నెల్లాళ్లూ ఆ ఒక్కటీ తలుచుకుని బతికాను. ఆ తర్వాత కూడా, బట్టలు ఆరేస్తూనో బస్సులో నిలబడో, పోనీలే మనిషికి నా మీద ప్రేముంది అనుకునేదాన్ని. నెల తర్వాత పేజీ తెరిస్తే అంతా పెట్టింది పెట్టినట్టే ఉంది. కలిపిందీ తీసిందీ ఒకే పూట కదా, నాకేం తెలుస్తుంది. ఏ చెయ్యి అయితే నా చెయ్యి పట్టుకుందో అదే చెయ్యి అంతకు గంట ముందు నన్ను తీసేసింది. ఇంతకంటే మర్యాదగా చెప్పడం నాకు చేతకాదు.

కూర మాడింది. వాసనకి ఆయనే వంటింట్లోకి వచ్చాడు.

"నాలుగు వందల పదిహేడు ఎవరండీ?" అన్నాను.

అర్థం కానట్టు చూశాడు. అర్థమైందని నాకు తెలిసిపోయింది, ఎందుకంటే పొయ్యి కట్టేశాడు. ఆయన పొయ్యి జోలికెప్పుడూ పోడు.

"పాత సంగతులు ఇప్పుడెందుకు?"

"నన్ను లోపలికి తీసుకెళ్లాక చేశారు."

"బయట కూర్చుని ఏం తోచక ఫోన్ చూస్తున్నా. అది కనబడింది. కంగారుపడ్డాను. పరుగు పోయింది, రికార్డు పోయింది, ఈ మోకాళ్లు చూడు ఎలా ఉన్నాయో. ఎవరి సాయం లేకుండా పైకొచ్చాడన్న ఆ మాటొక్కటేగా నాకు మిగిలింది. అది కూడా పోతే నన్నెవరు పిలుస్తారు?"

"సాయం" అన్నాను.

"అబ్బ, మాట పట్టుకోకు. నీకు తెలుసు, నాకు తెలుసు. మనిద్దరికీ తెలిస్తే చాలదా?"

"ఇన్నేళ్లూ చాలింది. మీకు తెలుసు అనుకున్నాను కాబట్టి చాలింది. సంబంధం లేని వ్యక్తి అని రాశారు."

"ఏదో ఒక కారణం రాయకపోతే అది ఒప్పుకోలేదు. చేతికొచ్చింది కొట్టాను. ఇంత రాద్ధాంతం చేస్తావనుకోలేదు." తర్వాత మెత్తగా అన్నాడు. "శుక్రవారం దాకా ఓర్చుకో. రాయి మీద ఎక్కేశాక తీరిగ్గా మాట్లాడుకుందాం."

రాయి మీద ఎక్కేశాక మాట్లాడుకోవడానికి ఏముంటుంది. మర్నాడు మా అమ్మాయికి ఫోన్ చేశాను. చంకలో కూర్చుని నా ఈల లాక్కునేది ఆ పిల్లే. అంతా విని, "వదిలేయమ్మా. నాన్నకి ఈ వయసులో అదొక్కటే సంతోషం. నీకిప్పుడు కొత్తగా వచ్చేదేముంది?" అంది. కూతురు కూడా అలా అన్నాక ఒక పూట నిజంగానే వదిలేశాను. అన్నం వండాను, కాళ్లకి నీళ్లు కాచాను. ఆయన నేను దారికొచ్చాననుకుని, ఫోటో రోజు ఏ చీర కట్టుకుంటావని కూడా అడిగాడు. ఆ నల్లరాతి పక్కన నేను నవ్వుతూ నిలబడ్డ ఫోటో కళ్ల ముందుకొచ్చింది. అబద్ధాన్ని టైపు చేసినదాన్నీ నేనే, దాని పక్కన నిలబడి సాక్ష్యం చెప్పేదాన్నీ నేనే అవుతాను. కోపం ఆయన మీద ఎంతుందో నా మీదా అంతే వచ్చింది.

శుక్రవారం పొద్దున ప్రెస్‌లో నా బల్ల దగ్గర కూర్చున్నాను. ముందున్న ప్రూఫులు పక్కకి జరిపాను. అటక మీది ఇరవై మూడు నోటుపుస్తకాలూ మూలంగా పనికిరావని నాకు తెలుసు. అచ్చు కానిదాన్ని ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే న్యాయం కూడా. నా గురించి నేను రాసుకోకూడదన్నదీ న్యాయమే. తొమ్మిదేళ్లు తప్పినదాన్ని ఇప్పుడు రూలు ప్రకారమే నడుచుకోవాలనుకున్నాను. మొదటి వాక్యం నేను పెట్టింది, దాన్ని నేనే తీశాను. విలేకరి చేర్చిన రెండు వాక్యాలనీ ముట్టుకోలేదు, వేయాలా వద్దా అన్నది మీరూ మిగతా సంపాదకులూ తేల్చండి అని ఆయనకి సమాధానం రాశాను. ఆ కిందే ఇంకో నాలుగు వాక్యాలు రాసి, కార్యదర్శికి లింకు పంపించాను. చెక్కించే ముందు చర్చల పుట చదవండి, నేను ఫోటోకి రావడం లేదు అని కూడా చెప్పాను. మేనేజర్ అటుగా వెళుతూ, "లంచ్ కాలేదు కదా మేడమ్ ఇంకా" అన్నాడు. కాలేదన్నాను.

పదకొండు నలభైకి ఆయన ఫోన్ చేశాడు. "అయిందా? పంపించేశావా?"

"అయింది. నువ్వే చూసుకో."

ట్రాక్ వదిలాక ఆయన్ని నువ్వు అనడం అదే మొదటిసారి. ఫోన్ పెట్టేసి ప్రూఫులు దగ్గరికి లాక్కున్నాను. ఈపాటికి ఆయన చర్చల పుట తెరిచి ఉంటాడు. అక్కడ ఆయనకి కనబడేది ఇది:

"ఈ వ్యాసాన్ని తొమ్మిదేళ్లుగా దిద్దుతున్న 'పాఠకురాలు' నేనే. శిక్షకుడు లేకుండా అన్న వాక్యం తెలిసి తెలిసీ నేను రాసిన అబద్ధం, అందుకని తీసేశాను. నేను ఈ క్రీడాకారుడి భార్యను కనుక ఇకమీదట ఈ వ్యాసాన్ని దిద్దను. భార్యగా ఉంటూనే ఎనిమిదేళ్లు ఆయనకి కోచ్‌గా ఉన్నాను, ఆ సంగతి దాచిపెట్టినందుకు పాఠకులు నన్ను క్షమించాలి."