తేటపడని సీసా

మా బావగారు రోజూ పొద్దున్నే మా వంటింటి కిటికీలో ఒక గాజు సీసా పెడతారు. అందులో ఊరందరి మురుగూ ఉంటుంది. కొత్తలో ఆ కిటికీ వైపే వెళ్లేదాన్ని కాదు. ఇప్పుడు దాని పక్కనే పాలగిన్నె దించుతాను. మనిషి దేనికైనా అలవాటు పడతాడు, కోడలైతే మరీను.

అరగంటలో బురద అడుక్కి దిగి పైన నీళ్లు తేటపడితే, ఊరి చివర మురుగు శుద్ధి చేసే తొట్టిలో పురుగులు కులాసాగా ఉన్నట్టు. కంటికి ఆనని ఆ పురుగులే మురుగుని తినేస్తాయి. వాటికి వేళకి గాలి అందించడం బావగారి ఉద్యోగం. తొట్టి కట్టకముందు మురుగంతా వాగులో కలిసేది. ఆ వాగు నీళ్లు తాగే అక్క, అంటే బావగారి భార్య, రెండు రోజుల వాంతులతో పోయింది. తొట్టి పని బావగారు అడిగి మరీ తీసుకున్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

సోమవారం అధికారి వచ్చి తొట్టి నీళ్లు పరీక్షకి పట్టుకెళ్తాడని కబురొచ్చింది. అప్పటికే రెండుసార్లు తప్పాయి. మూడోసారీ తప్పితే తొట్టికి తాళం, మురుగు మళ్లీ వాగుకి.

ఊరుకోవచ్చు కదా. ఇల్లిల్లూ తిరిగాను.

"పిన్నీ, ఆఫీసరు వస్తున్నాడు. మన తూముల్లోంచి వెళ్లేదైనా శుభ్రంగా వెళ్లాలి."

"మురుక్కి కూడా స్నానం చేయించాలటే?" అంది పక్కింటి పిన్ని.

"చుట్టాలొస్తే నువ్వు చెయ్యవూ?"

ఆదివారం పొద్దున డెబ్భై ఇళ్లవాళ్లూ దొడ్లూ తూములూ ఫినాయిలుతో, బ్లీచింగ్ పౌడరుతో కడిగి పారేశారు. మా ఊరు ఒక్క మాట మీద నిలబడటం నేను చూసింది అదే మొదలు.

సాయంత్రం బావగారు ఇంకోసారి సీసా పెట్టారు. అరగంటైంది, గంటైంది. నీళ్లు తెల్లగా, కలకగా అలాగే ఉన్నాయి. ఆయన మూత తీసి వాసన చూశారు.

"ఆసుపత్రి వాసనొస్తోందేమ్మా."

పొద్దున ఊరంతా కడిగించిన సంగతి చెప్పాను. కాలేజీలో నేను చదివింది చరిత్ర. ఆ పూట దానికే కొంత చేర్చాను. ఆయన తిట్టినా బాగుండేది.

"మంచికే చేశారు. కానీ ఆ మందుకి మంచి పురుగేదో చెడ్డదేదో తెలీదు కదమ్మా. అన్నీ పోయాయి."

"రేపు సీసాలో కుళాయి నీళ్లు పట్టి ఇచ్చేద్దాం బావగారూ. ఎవరికి తెలుస్తుంది?"

ఆయన సీసాకి మూత బిగించారు. "మీ అక్క తాగిన నీళ్లూ చూడ్డానికి తేటగానే ఉన్నాయి," అన్నారు.



సోమవారం అధికారి గొలుసూ తాళం బల్ల మీద పెట్టుకునే మాట్లాడాడు. బావగారు గొంతు సవరించుకునేలోగా జరిగిందంతా నేనే చెప్పేశాను.

"ఊరంతానా?" అన్నాడు.

"ఒక్క గడపా తప్పలేదండీ. దగ్గరుండి చేయించాను."

నా వంక చూసి కాగితం మీద ఏదో రాశాడు. "పదిహేను రోజులు గడువు. అప్పటికీ కుదరకపోతే తాళమే."

మళ్లీ ఇల్లిల్లూ తిరిగాను. "మొన్న పొయ్యమన్నావు, ఇవాళ వద్దంటున్నావు. రేపు మమ్మల్నే తూములో దిగమంటావేమో," అంది పిన్ని. అంటూనే ఫినాయిలు సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది.

బావగారు పక్కూరి తొట్టిలోంచి పురుగులు బతికున్న బురద డబ్బాలతో మోసుకొచ్చి పోశారు. వారం దాటినా సీసా తేటపడలేదు. ఆయన అన్నం సగంలో వదిలి లేచేవారు. పదకొండో రోజు పైన వేలెడు నీళ్లు తేరాయి. మూత తీసి నా ముందుకు జరిపారు. తడిసిన మట్టి వాసన.

పదిహేనో రోజు పట్టుకెళ్లిన నీళ్లు పరీక్షలో నెగ్గాయి. ఆ మాట చెప్పడానికి అధికారే వచ్చాడు.

"ఈసారి ఏం పోశారమ్మా?"

"ఏమీ పొయ్యలేదండీ." మా ఊరికి అంతకంటే కష్టమైన పని లేదు.

బావగారు మాత్రం తొట్టి నీళ్లు వాగులో కలిసే చోటికి వెళ్లి, చెప్పులు విడిచి, చాలాసేపు నిలబడి వచ్చారు.