పనసపలకలో రేడియో

ఏకాంబరం కారుకు రేడియో పెట్టాలనుకున్నది పాటల మీద మోజుతో కాదు. ఆ మోజు పెళ్ళాం దేవకమ్మతోనే మట్టిలో కలిసింది. మామిడి మండీ తిరుమలయ్య ఒక మాట అన్నాడు, అందుకు.

"నీ బండి మంచిదేబ్బా, కాదనను. అయితే ఆ జయరావు కారు సూడు. ఎక్కి కూసుంటే సాలు, పాట పాడతాది, మద్రాసు సంగతులు సెప్తాది. తోటతోటకీ తిరిగేటోణ్ణి, పొద్దంతా నీ మొగం సూసుకుంటా కూసోవాల్నా నేను? నువ్వు నవ్వవు, మాట్లాడవు. అమావాస్య మర్నాడు ఏడింటికి వస్తా. నీ బండి పాడితే ఈ మామిడి కాలమంతా నాకు నువ్వే. పాడకుంటే జయరావును పెట్టుకుంటా."

పాడ్యమి నాడు ఎవరైనా కొత్త పని మొదలుపెడతారా అని పక్కనున్నవాడు అడిగితే, "కాయకు తిథి తెలుస్తాదా?" అన్నాడు తిరుమలయ్య.

చిత్తూరులో అద్దెకు తిరిగే కార్లలో ఏకాంబరానిదే పాతది. మామిడి కాలం నాలుగు నెలలూ తిరిగితేనే మిగతా ఎనిమిది నెలలు బండి నిలుస్తుంది. ఈ కాలం జయరావుకు పోతే బండి అమ్ముకోవడమే. బండి అమ్మితే ఏకాంబరానికి తెల్లవారి లేచేందుకు కారణం లేదు. ఇంట్లో మనిషి లేదు.

మద్రాసు పోయి, యుద్ధం ముగిశాక మిలిటరీవాళ్ళు వదిలించుకున్న సామానులో ఒక అమెరికా రేడియో తెచ్చాడు. బిస్కత్తు డబ్బా అంత ఉంది, గుండ్రాయంత బరువుంది. పోస్టాఫీసుకు పోయి లైసెన్సు తీసుకున్నాడు. కట్టమంచిలోని తన కారు షెడ్డులో బల్ల మీద పెట్టి బ్యాటరీకి తీగలు కలిపితే ముందు తుమ్మెదలాగా రొద పెట్టింది, కాసేపటికి వేడెక్కి ఎవరిదో గొంతు పలికింది. ఇంజను తిప్పితే మాత్రం పాట వినబడలేదు, పేలాలు వేగినట్టు చిటపటలే. రెండు రోజులు కూర్చుని ఆ చిటపటలనూ అణిచాడు. కరెంటు పనికి ఏకాంబరం ఎవరి గడపా తొక్కడు.

ఇక మిగిలింది స్టీరింగు పక్కన, ముందు పలకలో రేడియోకు చోటు చేయడం. చిక్కు అక్కడే వచ్చింది.

కారుతో వచ్చిన రేకు పలక యుద్ధకాలంలోనే తుప్పు పట్టి తూట్లు పడింది. పెట్రోలే దొరకని రోజులు, రేకు ఎవరిస్తారు? అప్పుడు దేవకమ్మ తమ్ముడు గోవిందయ్య పనసచెక్కతో పలక చేసి బిగించాడు. మీటర్లకు గుండ్రంగా కళ్ళు తీసి, అంచులు నున్నగా తిప్పి, మైనం రుద్దాడు. కోర్టుకు పోయే వకీళ్ళు కూడా ఎక్కి కూర్చోగానే ఒకసారి ఆ పలక మీద చేయి వేసి చూసేవారు. ఇప్పుడు దానికి కన్నం పెట్టాలి. పెట్టాల్సినవాడు గోవిందయ్యే. అతనితో ఏకాంబరం మాట్లాడి మూడేళ్ళు దాటింది.

దేవకమ్మ పోయిన రోజు గోవిందయ్య పలమనేరులో ఎవరింటికో తలుపులు, వాకిళ్ళు చేస్తున్నాడు. ముత్తయిదువగా పోయిన ఆడమనిషికి పుట్టింటి చీర కప్పకుండా పాడె ఎత్తరు. కబురు పొద్దున్నే పోయింది. వాకిట్లో జనం కూర్చున్నారు. ఎండ నడినెత్తికి వచ్చింది, వాలింది. గోవిందయ్య రాలేదు. ఇక ఉంచేందుకు లేదని పెద్దలు అన్నారు. అంగట్లో కొన్న చీర కప్పి తీసుకుపోయారు. గుంత పూడ్చి వెనక్కి తిరిగేసరికి చంకలో కొత్త చీరతో గోవిందయ్య ఎదురొచ్చాడు. ఏకాంబరం అతని మొహం చూడకుండా దారి తప్పుకుని నడిచాడు. కొందరు తిట్టి మరిచిపోతారు. ఏకాంబరం తిట్టలేదు.

అందుకే కన్నం తనే పెట్టుకోవాలనుకున్నాడు. తనూ ఆచారి కడుపున పుట్టినవాడే. పద్నాలుగో ఏట ఉలి పారేసి బస్సులో క్లీనరుగా ఎక్కాడు గానీ, తండ్రి పనిముట్ల పెట్టె ఇప్పటికీ షెడ్డు మూల ఉంది.

తీగల పనితోనే రోజులు గడిచి అమావాస్య వచ్చింది. అమావాస్య నాడు వడ్రంగులు పనిముట్టు ముట్టరు. కడిగి, బొట్టు పెట్టి, దండం పెట్టుకుని ఊరుకుంటారు. ఆ పొద్దు వడ్రంగులుండే సంతపేట వీధిలో ఒక్క సుత్తి దెబ్బ వినబడదు. ఏకాంబరం మాత్రం పెట్టె తెరిచాడు. ఉలి వదిలినవాడికి అమావాస్య ఏమిటి అనుకున్నాడు.

పలక ఊడదీసి, రేడియో ముఖం కొలిచి, మధ్యలో పెన్సిలు గీత గీశాడు. నాలుగు మూలలా బర్మాతో చిల్లులు తొలిచి సన్నరంపం దూర్చాడు. మూడు వైపులు వెన్నలో కత్తి దిగినట్టు దిగాయి. నాలుగో వైపు ముగుస్తుండగా లోపల ఏదో టక్కుమంది. పలక పైకి ఎత్తితే సగం చేతికొచ్చింది, సగం బల్ల మీదే ఉండిపోయింది.

ఏకాంబరం రెండు ముక్కల అంచులూ వెలుగుకు పెట్టి చూశాడు. అది ఒకే పలక కాదు. రెండు చెక్కలను అంచుకు అంచు ఆనించి, లోపల నాలుగు వెదురు చీలలు దిగేసి, జిగురుతో అతికిన పలక. మధ్య రెండు చీలలనూ తన రంపమే తెగ్గోసింది. మిగిలిన రెంటి దగ్గర పాత జిగురు వదిలేసింది. ఆరేళ్ళు రోజూ తుడిచాడు. ఒక్క రోజూ అతుకు కనబడలేదు.

"కనబడేటట్టు సేసి సస్తే ఏం పోయె వీనికి," అని పళ్ళు కొరికాడు.

రెండు ముక్కలూ దుప్పట్లో చుట్టి చంకన పెట్టుకుని సంతపేటకు నడిచాడు.

గోవిందయ్య తిన్నె మీద కూర్చుని ఉన్నాడు. పక్కన పీట మీద ఉలులు, రంపాలు, చిత్రిక, అన్నిటికీ గంధం, కుంకుమ. గడపలో ఉన్న అతని పెళ్ళాం నాగరత్నమ్మ, "అన్నా..." అని ఇంకేమనాలో తెలియక లోపలికి పోయింది. ఏకాంబరం ముక్కలు తిన్నె మీద పెట్టాడు.

గోవిందయ్య వాటిని తిప్పి చూశాడు. "రంపం ఎవురు పెట్టినారు?"

"నేనే."

"ఎప్పుడు?"

"ఈ పొద్దే."

"అమావాస్య నాడు రంపం పడితివా? మీ నాయన ఉంటే సెయ్యి యిరిసుండు."

"మా నాయన లేడు. రేపు ఏడింటికి తిరుమలయ్య వస్తాడు. ఆ పలకలో రేడియో కూసుని పాడకుంటే నా బండి పోతాది. సేస్తావా, సెయ్యవా?"

"ఈ పొద్దు పనిముట్టు ముట్టను. నువ్వు కాదు గదా, కలెక్టరు వచ్చి అడిగినా ముట్టను."

"ముట్టొద్దులే." ఏకాంబరం ముక్కలు అందుకున్నాడు.

"ఉండబ్బా, ఆ తొందరెందుకు? సేతులకు అమావాస్య గానీ నోటికా?" అని గోవిందయ్య కండువా భుజాన వేసుకున్నాడు. "పద. నేను సెప్తా, నువ్వు సెయ్యి. పాపం నీది, పని నీది."

షెడ్డులో గోవిందయ్య ఖాళీ పెట్రోలు డబ్బా తిరగేసి కూర్చుని, చేతులు రెండూ చంకల్లో పెట్టుకున్నాడు. దారిలో ఇద్దరూ ఒక్క మాట మాట్లాడలేదు. ఇక్కడ మాత్రం గోవిందయ్య నోరు ఆగలేదు.

"ఉలి అట్ల పట్టుకుంటారా? అది గేరు కాదు. బొటనేలు కిందికి."

ఏకాంబరం బొటనవేలు కిందికి జరిపాడు.

"ఈ ఉలికి పదునుండాదా? దీంతో ఉప్మా తిరగేసుకోవచ్చు. రాయి యాడుండాది? రుద్దు. నీళ్ళు పోసి రుద్దప్పా."

రుద్దాడు. తెగిన చీలల మొదళ్ళు తొలిచి తీశాడు. కన్నానికి అటు రెండు, ఇటు రెండు కొత్త చీలలు పడాలన్నాడు గోవిందయ్య. ఎక్కడ పడాలో చేతులు చంకల్లోంచి తీయకుండా గడ్డంతో చూపించాడు. వెదురు చీల్చమన్నాడు, ఆ లావు వద్దన్నాడు, ఈ సన్నం వద్దన్నాడు. మూడో వెదురుముక్క చెక్కుతుంటే, "ఆగు. ఆగమంటే ఆగాల. బ్రేకు లేదా నీ సేతికి?" అని అరిచాడు.

"అరవద్దు. నీకంటే పెద్దోణ్ణి."

"పెద్దోడివి గాబట్టే నోటితో అరస్తాండా."

జిగురు కాచి, చీలలకు పూసి, రెండు చెక్కలనూ కలిపి దిగేసి, తాడుతో బిగించి, తాడు కింద మేకులాగా సన్నటి చెక్క దూర్చేసరికి పొద్దు నడినెత్తి దాటింది. ఇక ఆరేదాకా కూర్చోవడమే. రేడియో బరువు ఎట్లా నిలుస్తుందని గోవిందయ్య అడిగితే, పలక మీద పడకుండా వెనక ఇనుప పట్టీ వేసి ఇంజను గోడకు బిగిస్తానని ఏకాంబరం చూపించాడు. గోవిందయ్య ఆ పట్టీని చూసి తల ఊపాడు. ఆ పూట అతను తప్పు పట్టని పని అదొక్కటే.

నాగరత్నమ్మ చెంబుతో మజ్జిగ పంపింది. తాగి చెంబు కింద పెట్టి గోవిందయ్య అన్నాడు.

"ఆ బస్సు డ్రైవరు నాకు రెండింటికి సెప్పినాడు."

ఏ బస్సు డ్రైవరని ఏకాంబరం అడగలేదు. తాడు ముడి లాగి చూశాడు.

"పొద్దున్నే సెప్పమని నువ్వు పంపితివి. వాడు మరిసిపోయి ముళబాగలు దాకా పోయి, తిరిగొచ్చేటప్పుడు సెప్పినాడు. పరిగెత్తి సీర కొని, మూటల లారీ ఎక్కి వస్తిని."

"మూడేండ్లకు ఇప్పుడెందుకా మాట?"

"నువ్వు అడుగుతావని సూస్తి. అడగలేదు." గోవిందయ్య మొహం మొదటిసారి ఇటు తిప్పాడు. "నీకు కారుండాది. పలమనేరు ఇరవై ఆరు మైళ్ళు. గంట దోవ. నువ్వు శవం కాడ కూసుంటే, క్లీనరును పంపినా సాలు. నన్నెక్కించుకోని పదింటికి తెచ్చుండు. బస్సోనితో సెప్పి పంపితివి."

"పెట్రోలు లేదు. కూపన్లకు కొలిచి పోసే కాలం."

ఆ మాట ఏకాంబరం ఆ రోజు వాకిట్లో కూర్చున్న అందరికీ చెప్పాడు. ఇప్పుడూ నాలుక మీదికి అదే వచ్చింది. గోవిందయ్య లేచి తాడు బిగువు వేలితో మీటి చూసి, మళ్ళీ డబ్బా మీద కూర్చున్నాడు.

సాయంత్రానికి తాడు విప్పారు. అతుకు మళ్ళీ కనబడలేదు. ఏకాంబరం పలకను బండిలో ఎక్కించి, మీటర్లు కూర్చి, వెనక పట్టీ బిగించి, రేడియోను కన్నంలోకి తోశాడు. అటు వెంట్రుక సందు లేదు, ఇటు వెంట్రుక సందు లేదు. తీగలు కలిపి మీట తిప్పాడు. రొద వచ్చింది. రొదలోంచి నాదస్వరం వచ్చింది, పలచగా, దూరంగా, కానీ తప్పులేకుండా. ఇంజను తిప్పాడు. పాట పాటలాగే ఉంది.

గోవిందయ్య కారు తలుపు పట్టుకుని నిలబడి వింటున్నాడు. బండి పాడింది. తిరుమలయ్య వస్తాడు, కాలం గడుస్తుంది. ఇంత సాయం చేసినవాడికి ఒక్క మంచి మాట చెప్పాలి. ఏకాంబరానికి మంచి మాట రాలేదు. నిజం వచ్చింది.

"ఆ పొద్దు పెట్రోలు ఉన్నింది," అన్నాడు పలకను చూస్తూ. "మర్నాడు వకీలును తిరుపతికి తీసుకపోవాలని ముందురోజే కూపన్లకు పోయించినా. తర్వాత తిరుపతికి పోనే లేదనుకో. అయినా ఆ పొద్దు ఆ పెట్రోలు తగలెయ్యబుద్ధి కాలేదు."

"నాకు తెలుసు."

ఏకాంబరం తల ఎత్తాడు.

"గుంత కాడి నుంచి నేరుగా ఈడికే వస్తిని. టాంకీలో పుల్ల పెట్టి సూస్తి. సగం మీదికి తడిసింది."

నాదస్వరం ఆగి ఎవరో మాట్లాడడం మొదలుపెట్టారు. మూడేళ్ళుగా తప్పు అవతలివాడిదని తాను మోసుకు తిరిగాడు. అవతలివాడు తడిసిన పుల్లను అట్లాగే మోసుకు తిరిగాడు. ఒక్కరోజు వచ్చి అడగలేదు, ఊళ్ళో ఒకరికి చెప్పలేదు. తన కంటే గట్టివాడు అనుకున్నాడు ఏకాంబరం.

"మరి ఈ పొద్దు ఎందుకు వస్తివి?"

"పలక నేను సేసింది గదా," అన్నాడు గోవిందయ్య. "జిగురు రేపు మధ్యాన్నానికి గాని పూరా ఆరదు. దాని మీద ఎవున్నీ సెయ్యి ఆనించనియ్యాకు."

కండువా దులిపి భుజాన వేసుకుని సంతపేట వైపు నడిచాడు. ఏకాంబరం కారులో దింపుతాననలేదు. అన్నా అతను ఎక్కడని తెలుసు.

మర్నాడు ఏడింటికి తిరుమలయ్య వచ్చాడు. ఎక్కి కూర్చుని, "యాడ, పాడించు సూద్దాం," అన్నాడు. ఏకాంబరం మీట తిప్పాడు. రేడియో వేడెక్కేదాకా తిరుమలయ్య ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. మద్రాసు గొంతు పలికేసరికి పిల్లవాడిలాగా తొడ చరుచుకున్నాడు. "అద్దీ! ఇంగ జయరావు యాడుంటే నాకేం? పద పుత్తూరికి."

పలక మీదికి చేయి చాపబోతే ఏకాంబరం ఆ చేతిని పట్టుకుని ఆపాడు.

"తడిగా ఉండాది."

"యిది యెప్పుడూ ఒకే పలకే గదబ్బా? మధ్యలో యింత కన్నం ఎట్ల తీస్తివి? ఎవురి పని?"

"నా బామ్మర్ది పని."

"ఎవురూ, సంతపేట గోవిందయ్యా? మీ ఇద్దురికీ మాటల్లేవంటారే?"

"లేవు," అని ఏకాంబరం గేరు వేశాడు.