కలాంద్ర బుగ్గలు

కలాంద్ర కారు పాత ఫోటో చూసినవాళ్లు అది తిరగేసి అచ్చయిందని తేల్చేస్తారు. ఫోటోలో కారుకు కుడి బుగ్గ, అంటే ముందు చక్రం మీది రేకు ఉబ్బు, ఎత్తు; ఇప్పుడున్న కారుకేమో ఎడమ బుగ్గ ఎత్తు. మరి ఫోటోలో ముక్కు మీద పేరు తిన్నగానే ఉందేమని ఒక్కరూ అడగరు. అడిగితే ఇటలీలోని మోదెనాలో అర్జియా చెప్పేది.

అరవైల్లో ఆ కారు చేయించిన కంపెనీ మూడు కార్లతోనే మూతపడింది. అందులో రెండింటిని డబ్బున్న కుర్రాళ్లు గోడలకు గుద్ది చంపారు. మిగిలిన ఒక్కదాని రేకు కొట్టింది అర్జియా మొగుడు ఎర్మెస్, మరిది నెల్లో. నక్షాలో ఒక పక్కే గీసి ఇస్తారు, రెండోది దాన్ని చూసి చేసుకోవాలి. ఎడమ పక్క అన్న, కుడి పక్క తమ్ముడు కొట్టారు. తీరా తూరిన్ కార్ల ప్రదర్శనలో దీపాలు వెలిగాక చూస్తే కుడి బుగ్గ వేలెడంత ఎత్తుగా ఉంది. తప్పు నీదంటే నీదని జనం ముందే తిట్టుకున్నారు. అంతటితో మాటలు బంద్. ఇంటికొచ్చి వర్క్‌షాపు నడిమధ్య లారీ టార్పాలిన్ తెర కట్టేశారు.

అప్పట్నుంచీ ఇరవై ఏళ్లుగా అన్నదమ్ముల మధ్య మాటలు మోసేది అర్జియానే. సుత్తి కావాలని అటు చెప్పాలి, ఎందుకో కనుక్కోమంటే ఇటు అడగాలి. ఆదివారం కోడి చారులో మాంసం కూరిన తోర్తెల్లీని పిండిచుట్టలు రెండు విడతలుగా వడ్డించాలి, మొగుడు లేచాక మరిదికి. చచ్చేలోగా ఇద్దర్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాలన్నది ఆవిడ కోరిక. ఆ మహాతల్లి అంతకుమించి ఏమీ అడగలేదు.

అలాంటి రోజుల్లో జూరిచ్ నుంచి కెల్లర్ అనే పళ్ల డాక్టరు ఆ కారు కొని తీసుకొచ్చాడు. వంకర కనిపిస్తే నిద్రపట్టని మనిషి.

"ఇందులో ఏ పక్క తప్పు?" అని అడిగాడు.

అన్న ఇటునుంచి, తమ్ముడు అటునుంచి కారు చుట్టూ తిరిగారు. ఒకరి పక్క ఒకరు వంగి చూశారు. మళ్లీ ఎక్కడ తిట్టుకుంటారోనని అర్జియాకు భయం వేసింది.

"ఏదైనా సరే, శనివారానికి రెండూ ఒక్కలా ఉండాలి" అని చెప్పి కెల్లర్ హోటల్‌కు పోయాడు. కారును తెర కిందికి తోశారు. టార్పాలిన్ దాని ముక్కు మధ్యగా పొడుగునా పడింది. ఇక ఎవరి పక్క వాళ్లకే కనిపిస్తుంది.

మధ్యాహ్నం తిండి దగ్గర ఎర్మెస్ చెంచాతో చారు కెలుకుతూ కూర్చున్నాడు.

"వాడిదే బాగుందే. నవ్వే మనిషి బుగ్గలా ఉంది. నాది నా మొహంలాగే ఉంది. కొలత కాగితం మీద గీసి పట్రా, నాది మార్చేస్తా. వాడితో అన్నావో, చూడు."

ఆయన లేచాక నెల్లో వచ్చాడు.

"వదినా, అన్నయ్య పక్క చూశావా? ఎంత కుదురుగా ఉందో. నాదే పన్నుపోటు వచ్చినట్టు వాచింది. కొలత గీసి తెచ్చిపెట్టు. ఆయనకు తెలిసిందంటే నీ వంట మళ్లీ ముట్టను."

రెండు పక్కల కొలతలూ గీసిన కాగితాలు ఏప్రన్ జేబులో పెట్టుకున్నాక అర్జియాకు నోరు దురద పెట్టింది. చెప్పేస్తే ఇద్దరూ సుత్తులు దించేసి, మళ్లీ మొహాలు తిప్పుకుంటారు. తెర అలాగే వేలాడుతుంది. ఇన్నేళ్లూ పనికిమాలిన మాటలన్నీ మోసింది. ఈ ఒక్కటీ మింగేసింది. ఎవరడిగిన కాగితం వాళ్లకిచ్చి, వారమంతా తెరకు రెండు పక్కలా సుత్తుల మోత వింటూ తోర్తెల్లీని చుట్టింది.

శనివారం కెల్లర్ వచ్చాడు. అర్జియా తెర లాగేసింది. కారుకు ఎడమ బుగ్గ వేలెడంత ఎత్తుగా ఉంది.

"నీ పక్క ఎందుకు ముట్టుకున్నావురా?" అన్నాడు ఎర్మెస్.

"నువ్వెందుకు ముట్టుకున్నావ్?"

"నీది బాగుందని."

"ఆ ముక్క తూరిన్‌లో ఏడవచ్చుగా."

"నువ్వు ఏడ్చావా?"

కెల్లర్ మధ్యలో దూరి, ఎవరిదో ఒకరిది సరిచేయమని బతిమాలాడు.

"మా అన్నయ్య కొట్టిన రేకు ముట్టుకుంటే ఊరుకోను" అన్నాడు నెల్లో.

"వాడిది నేను ముట్టను. నాది వాడి కొలతే కాబట్టి అదీ ముట్టను" అన్నాడు ఎర్మెస్.

డాక్టరు అర్జియా వైపు తిరిగాడు. "అమ్మా, వీళ్లకు కాస్త చెప్పండి."

"నేను చెప్పడం మానేశాను నాయనా. రా, తిందువుగాని."

అన్నదమ్ములు అరుచుకుంటూనే వంటింట్లోకి నడిచారు, అరుచుకుంటూనే ఎదురెదురుగా కూర్చున్నారు. ఎక్కడ కూర్చున్నారో ఇద్దరికీ తెలియలేదు. అర్జియా ఒకే గిన్నె తెచ్చి మధ్యలో పెట్టింది.

"ఆ జున్ను తురుము ఇలా పడెయ్" అన్నాడు ఎర్మెస్.

అర్జియా చెయ్యి అలవాటుగా లేచింది. ఆలోపే నెల్లో ఇచ్చేశాడు.