నాలుగో పుస్తకం

చిట్టితల్లి నర్సీపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. సొంతూరు చింతపల్లి దాటి ఇంకా పైన, కొండ వాలులో ఇరవై గడపల ఊరు. ఆమెకి పుస్తకాలు అలవాటు చేసింది నారాయణమూర్తి మాస్టారు. రిటైరైన తెలుగు టీచరు. బీపీ చూపించుకోడానికి వచ్చినప్పుడు ఒకసారి చేతిలోని పుస్తకం ఓపీ బల్ల మీద మరిచిపోయారు. తిరిగి వచ్చేసరికి చిట్టితల్లి అందులో సగం చదివేసింది. ఆయన దాన్ని ఆమె దగ్గరే ఉంచి, తర్వాతి వారం ఇంకొకటి తెచ్చిచ్చారు.

మాస్టారు, మరో పదిహేనుమంది కలిసి అబీద్ సెంటరు దగ్గర ఒక మేడ మీద చదువుల గది నడుపుతున్నారు. నెల పొడుగునా ఎవరేం చదివారో ఆఖరి ఆదివారం చెప్పుకుంటారు. అదంతా మాస్టారు రెండు పేజీల కరపత్రంగా అచ్చు వేయించి చుట్టుపక్కల ఊళ్లకి పంచుతారు. నవంబరు సభలో మాట్లాడతానని చిట్టితల్లి మొదటిసారి పేరిచ్చింది. అందుకని ఆ నెల పట్టుదలగా చదివింది. డ్యూటీకి డ్యూటీకి మధ్య, మధ్యాహ్నం భోజనాల వేళ, ఊరెళ్లే బస్సులో కూడా చదివింది.

చదివేకొద్దీ ఆమెకి చిరాకు ఎక్కువైంది. మొదటి పుస్తకం ఒక నది పక్కన ఆరు నెలలు నడిచిన ఒకాయన రాసింది. ఇసుక రంగులు, పిట్టల కూతలు కళ్లకి కట్టేటట్టు రాశాడు. రోజూ ఎవరో ఒకరింట్లో తిన్నాడు. ఏ ఊళ్లో ఏ చేప తిన్నాడో కూడా గుర్తు పెట్టుకున్నాడు గానీ, అది ఎవరు వండారో ఒక్కచోటా రాయలేదు. చిట్టితల్లి ఆ మాట నోట్‌బుక్కులో రాసుకుని, ఆయన కాళ్ల బొబ్బలకి ఆకు కట్టిన ముసలమ్మ పేరైనా అడిగి ఉండాల్సిందని కింద ఇంకో లైను చేర్చింది.

రెండోది ఒక డాక్టరు ఆత్మకథ. పాము కరిచిన పిల్లాడి కోసం మూడు రోజులు కూర్చున్న ఘట్టం దగ్గర ఆమెకి కన్నీళ్లొచ్చాయి. నలభై ఏళ్ల సర్వీసులో ఆయన పక్కన ఎంతమంది నర్సులు పనిచేశారో గానీ, పుస్తకంలో అందరూ ‘సిస్టరే’. మూడోది చిన్న కథల పుస్తకం. తను బతికే ఉన్నానని కాగితం తెమ్మంటే ఆఫీసుల చుట్టూ తిరిగిన ముసలామె కథ అందులో ఉంది. అది మాత్రం మనసుకి పట్టింది. రెండుసార్లు చదివి, తోటి నర్సు బేబికి కూడా వినిపించింది.

నాలుగోది నవల. రాసింది రమణబాబు గారు, పట్నంలో పేరున్న రిటైర్డ్ లెక్చరరు. కొండ మీద జరిగే కథ. మైదానం నుంచి బదిలీ మీద వెళ్లిన ఒక ఆఫీసరుని ఒక కొండపిల్ల ప్రేమిస్తుంది. పాటలు పాడుతుంది, వాగులో ఆడుతుంది, ఆఖరికి ఆయన్ని కాపాడబోయి చనిపోతుంది. మీ వైపు కథేనమ్మా, నీకు నచ్చుతుందని మాస్టారు మురిసిపోతూ ఇచ్చారు.

ముప్పై పేజీలకే చిట్టితల్లికి పక్కన పడేయాలనిపించింది. డిసెంబరు మంచులో ఆ పిల్ల పండిన పనసకాయ కోసుకొస్తుంది. సరే, పనస ఎండాకాలంలో పండుతుందని ఆయనకి తెలీదులే అని సర్దుకుంది. ఆ పిల్లకి చేసే పనంటూ ఒకటుండదు. సంత ఉండదు, జ్వరం రాదు. అదీ సర్దుకుంది. పూర్తిగా చదవకుండా మాట అనకూడదని పంతం పట్టి చివరిదాకా చదివింది.

ఒక ఆదివారం ఊరెళ్లినప్పుడు అల్లం దుంపలు ఏరుతూ అమ్మ కొండలమ్మకి ఆ కథ చెప్పింది. కొండలమ్మ చదువుకోలేదు గానీ కథ శ్రద్ధగా వింటుంది. ఆ పిల్ల అన్నదమ్ములు ఏమయ్యారని అడిగింది. పోడు ఎవరు చేసేవారని అడిగింది. పుస్తకంలో లేదని చిట్టితల్లి చెప్పింది.

“పోనీ, పిల్ల పేరేటి?” అంది కొండలమ్మ.

చిట్టితల్లికి అప్పుడు తట్టింది. తిరిగొచ్చాక పుస్తకమంతా మళ్లీ వెతికింది. పేరు లేదు. దాని మీద ఒక పేజీ రాసి, మిగతా మూడింటి మీద రాసినవాటితో కలిపి శనివారం మాస్టారికి ఇచ్చింది.

మాస్టారు ఆ సాయంత్రమే ఆసుపత్రికి వచ్చారు. బాగా రాశావని రెండుసార్లు అన్నారు. తర్వాత కుర్చీలో సర్దుకుని, నాలుగోదాని ఊసు సభలో ఎత్తొద్దన్నారు. చదువుల గది ఉన్న మేడ రమణబాబుది. ఎనిమిదేళ్లుగా ఊరికే వాడుకోనిస్తున్నాడు. ఆయన మనసు కష్టపడితే పదిహేనుమందీ ఎక్కడ కూర్చుంటారని మాస్టారి బాధ. చిట్టితల్లికి ఒళ్లు మండింది. కానీ ఆ మనిషి ముఖం చూసి సరేనంది. సరేనన్నందుకు రాత్రి భోజనం సయించలేదు.

ఆదివారం సభకి పాతికమంది వచ్చారు. చిట్టితల్లి మూడు పుస్తకాల గురించే మాట్లాడింది. ముసలామె కథ చెబుతుంటే అందరూ కదలకుండా విన్నారు. కూర్చోబోతుంటే ముందు వరసలోంచి రమణబాబు గారు నవ్వుతూ ఆపారు. తన నవల కూడా ఆమెకి అందిందని తెలిసిందనీ, కొండ బిడ్డ ఏమంటుందో వినడానికే పని మానుకుని వచ్చాననీ అన్నారు.

చిట్టితల్లి మాస్టారి వైపు చూసింది. ఆయన తలెత్తలేదు.

“చదివేనండి,” అంది. “అందులో ఆఫీసరు గారికి పేరుంది. ఆయన డ్రైవరుకి పేరుంది. ఆయన పెంచిన కుక్కకి కూడా పేరుంది. ఆ పిల్లకి లేదండి. చచ్చిపోయినప్పుడు కూడా కొండపిల్ల అనే రాసేరు.”

రమణబాబు గారి నవ్వు పోలేదు. అది మరిచిపోయి చేసింది కాదనీ, ఆ పిల్ల ఒక మనిషి కాదు, మొత్తం కొండజనానికి ప్రతినిధి అనీ ఓపిగ్గా వివరించారు.

“అంతమందిమి ఒక్క పిల్లలో పట్టమండి,” అంది చిట్టితల్లి.

రమణబాబు గారు ఫోను చూసుకుని, నక్కపల్లిలో పెళ్లికి వెళ్లాలంటూ లేచారు. ఆయన మెట్లు దిగాక ఒక టీచరమ్మ చిట్టితల్లి చెయ్యి నొక్కింది. ఇంకెవరో, పెద్దాయన్ని నలుగురిలో అలా అనాల్సింది కాదన్నారు. ఆయన అడిగితేనే కదా చెప్పిందని చిట్టితల్లి అనబోయి మానేసింది.

నాలుగు రోజుల తర్వాత కరపత్రం వచ్చింది. ఆమె పేరు కింద ‘ఈ నెల మూడు పుస్తకాలు చదివారు’ అని ఉంది. ముసలామె కథ గురించి ఆమె రాసింది అక్షరం పోకుండా వేశారు. నవల ప్రస్తావనే లేదు. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, డ్యూటీ దిగగానే నేరుగా మాస్టారింటికి వెళ్లింది. మాస్టారి భార్య అప్పయమ్మ టీ పెడతానంటే వద్దంది.

మాస్టారు ముందే సంజాయిషీ మొదలుపెట్టారు. రమణబాబు కోపంగా ఏమీ అనలేదట. జనవరిలో గదికి సున్నం వేయించాలి, ఎప్పటికి ఖాళీ చేస్తారని మాత్రం అడిగాడట. ఆ ఒక్క మాటకే భయపడి నవల సంగతి తీసేశానని ఆయనే ఒప్పుకున్నారు. నీ మాటలు తప్పని నేననలేదమ్మా అన్నారు.

“నన్ను పొగడమన్లేదు మాస్టారూ, ఆయన్ని తిట్టమనీ అన్లేదు,” అంది చిట్టితల్లి. కోపంలో పట్నం మాట జారిపోయి ఇంటి మాట వచ్చేసింది. “ఇష్టం నేకపోయినా ఆఖరిదాకా సదివినాను. సదివింది సదవలేదని రాసేరు. అదేటి న్యాయం?”

మాస్టారు కరపత్రం తీసుకుని ఇంకోసారి చదివారు. తర్వాత చొక్కా వేసుకుని, పద అన్నారు.

ఇద్దరూ చదువుల గది ఉన్న మేడ ఎక్కారు. గది గోడకి అంటించిన కాపీ దగ్గర ఆయన నిలబడి, ‘మూడు’ కొట్టేసి పైన ‘నాలుగు’ అని రాశారు. కాసేపు ఆగి నవల పేరు రాశారు. దాని పక్కన ‘అభిప్రాయం సభలో చెప్పారు’ అని చేర్చారు.

మిగతా కాపీలు పొద్దున్నే రోలుగుంట, కృష్ణదేవిపేట దాకా వెళ్లిపోయాయని, వాటికి తానేం చెయ్యలేనని అన్నారు. వాటిలో మూడే ఉంటుంది. చిట్టితల్లికి ఆ సంగతి తెలుసు. తెలిసినా కోపం తగ్గలేదు. గోడ మీది సిరా ఆరేదాకా నిలబడి చూసి, మాస్టారికి బీపీ మాత్రలు అయిపోయాయేమో చూసుకోమని చెప్పి మెట్లు దిగింది.